గీయని అడుగు

హైమవతికి నడక గీయడం వచ్చినంత బాగా నడవడం రాదని వాళ్లాయన మూర్తి అంటుండేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ ఎడమకాలి చెప్పు ఎప్పుడూ నేలకి రాసుకుంటూ చప్పుడు చేస్తుంది. కుడిచెయ్యి చీర కుచ్చిళ్ల దగ్గర కాపలా కాస్తూ ఉంటుంది. పెళ్లిలో పీటల మీద నుంచి లేస్తూ కుచ్చిళ్లలో కాలు పడి పురోహితుడి మీద పడబోయిందట. అప్పటినుంచీ ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. వీధి మలుపులో ఆ చెప్పు చప్పుడు వినపడగానే మూర్తి లేచి టీకి నీళ్లు పెట్టేస్తాడు.

అలాంటి మనిషి చేతిలో బొమ్మలు మాత్రం హాయిగా నడిచేవి. కాకినాడలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆవిడ యానిమేషన్ నేర్పేది. మొదటి పాఠం బంతి. బంతి పైన ఉన్న బొమ్మ ఒకటి, నేలకి తగిలిన బొమ్మ ఒకటి, మళ్లీ పైకి లేచిన బొమ్మ ఒకటి గీయించేది. ఇలా మనిషి పూనుకుని గీసే ముఖ్యమైన బొమ్మలని ఆ విద్యలో కీఫ్రేములంటారు. వాటి మధ్యలో రావలసిన బొమ్మలన్నిటినీ సాఫ్ట్‌వేరే నింపేస్తుంది. "కిందికొచ్చేటప్పుడు బంతి తొందరపడాలి. పైకెళ్లాక కాసేపు ఆలోచించుకోవాలి. అప్పుడే దానికి ప్రాణం ఉన్నట్టు" అని చెప్పేది హైమ. బంతి అయ్యాక బొమ్మని కుర్చీలోంచి లేపడం. లేచే ముందు మనిషి ముందుకి వంగుతాడు. ఆ వంగడం గీయకపోతే, బొమ్మ జుట్టు పట్టుకుని ఎవరో పైకి లాగినట్టుంటుంది. ఎంతమంది పిల్లలు ఎన్ని బ్యాచ్‌లు మారినా ఆ వంగడం మర్చిపోయేవాళ్లు మర్చిపోతూనే ఉండేవాళ్లు.

ఆ ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి డాక్టర్ నస్రీన్ వచ్చింది ఒక బాతు కోసం. ఆవిడ వెన్నుపూస డాక్టరు. బీచ్ రోడ్డు చివర సరుగుడు తోటల పక్కన చిన్న పరిశోధన కేంద్రం నడుపుతోంది. పిల్లల పాటల వీడియోల కోసం హైమ ఎప్పుడో గీసిన బాతొకటి ఫోన్లో చూపించి, "ఇది మీరు గీసిందేనా?" అని అడిగింది.

హైమ సిగ్గుపడింది. "నేనేనండి. వాళ్లు తొందరపెడుతుంటే మధ్య బొమ్మలు నింపకుండానే ఇచ్చేశాను. అందుకే అలా గెంతుతూ పోతుంది."

"నాక్కావలసింది ఆ నింపకపోవడమేనండి. ఒక మనిషికి నడక గీసిపెట్టాలి."

నస్రీన్ ఒక తొడుగు తయారుచేసింది. చూడడానికి ఆడపిల్లలు వేసుకునే లెగ్గింగ్స్ లాగే ఉంటుంది. మెదడు కాళ్లకి పంపే కబురుని నడుము దగ్గర అందుకుని, వెన్నులో దెబ్బతిన్న చోటు దాటించి కాళ్లకి చేరుస్తుంది. చిక్కల్లా, చాలాకాలం కదలని కాళ్లకి కబురు పంపడం మెదడు మానేస్తుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నడకని సెన్సర్లతో రికార్డు చేసి తొడుగుకి ఎక్కించి చూశారు. కాళ్లు కదిలాయి. కానీ వేసుకున్నవాళ్లకి వాంతులయ్యాయి. ఎవరో కాళ్లు పట్టుకుని ఈడుస్తున్నట్టుందని ఏడ్చారు. ప్రయోగం అక్కడే ఆగిపోయింది. అలా ఆగిపోయిన రోజుల్లో తొడుగు వేసుకున్న ఒకావిడ వార్డు టీవీలో ఈ బాతుని చూస్తూ కూర్చుంది. బాతు గెంతినప్పుడల్లా ఆవిడ కాలి బొటనవేలు కదిలింది.

"రికార్డు చేసిన నడకలో ఖాళీ లేదు. ప్రతి క్షణమూ నిండిపోయి ఉంది. మెదడుకి చెయ్యడానికి పనే లేదు" అంది నస్రీన్. "మీ బాతులో ఖాళీలున్నాయి. చూసేవాళ్ల మెదడు వాటిని నింపుకుంటుంది. నింపింది తనే కాబట్టి ఆ కదలిక కూడా తనదే అనుకుంటుంది."

పాడు బాతని తను మర్చిపోయిన బాతు ఒక మనిషి బొటనవేలు కదిలించిందంటే నమ్మలేక, హైమ ఆ ఫోన్ తీసుకుని బాతుని మొదటినుంచీ మళ్లీ చూసింది. ఆ నెలలోనే ఇన్‌స్టిట్యూట్‌కి సెలవు పెట్టి బీచ్ రోడ్డు ఆటోలెక్కడం మొదలుపెట్టింది.

బొటనవేలు కదిలినావిడ పేరు వీరవేణి. మునిసిపల్ హైస్కూల్లో వ్యాయామం టీచరు, ఖోఖో కోచ్. పొడుగ్గా, సన్నగా, విజిల్ అవసరం లేని గొంతుతో ఉంటుంది. డాబా మీద పడిన బంతి కోసం ఇనుప నిచ్చెనెక్కి జారిపడింది. పిల్లలెవరైనా ఎక్కితే పడతారని తనే ఎక్కిందట. ఆ మాట చెప్పి, "చూశారా, పిల్లలెవరూ పడలేదు" అని నవ్వింది. చక్రాల కుర్చీలో కూర్చునే వార్డు మొత్తం చేత వ్యాయామం చేయిస్తూ ఉండేది. భుజాలు తిప్పనివాళ్లకి ఆవిడ దగ్గర మాట పడేది. హైమ ఆవిడని చూసిన మొదటిరోజే ఆ ధైర్యానికి దాసోహమైపోయింది.

ఇక పని. హైమ పద్ధతి ఒకటే. ఏ కదలికైనా గీసే ముందు కుర్చీలోంచి లేచి, నిలువుటద్దం ముందు తనే చేసి చూసుకుంటుంది. బొమ్మలు కదిలించేవాళ్లందరూ చేసే పనే అది. పిల్లిని గీయాలంటే పిల్లిలా నక్కి నడుస్తారు, ముసలాయన్ని గీయాలంటే నడుం వంచుతారు. మామూలు మనిషి మామూలు నడకకి ఆలోచించాల్సిందేముంది? హైమ అద్దం ముందు నాలుగడుగులు నడిచింది, వచ్చి కూర్చుని గీసింది. తల ఒక సున్నా, ఒళ్లు ఒక గీత, కాళ్లు చేతులు నాలుగు గీతలు. అంతకన్నా మనిషిలా గీస్తే చూసేవాళ్లు అది ఇంకెవరో అనుకుంటారని, పుల్లబొమ్మయితే ఎవరికైనా నేనే అనిపిస్తుందని నస్రీన్ చెప్పింది. కీఫ్రేములు మాత్రం హైమ కొంచెం దగ్గరదగ్గరగా పెట్టింది. ఖాళీ ఎక్కువైతే వేణి పడిపోతుందేమోనని భయం.

వేణి కళ్లజోడు పెట్టుకుంది. దాని అద్దాల్లో పుల్లబొమ్మ నిలబడింది. తొడుగు కంటే రెప్పపాటు ముందు అది కాలెత్తుతుంది.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగింది నస్రీన్.

"బొమ్మ కాలెత్తిందండి."

"ఇప్పుడు?"

"మళ్లీ ఎత్తింది." వేణి కళ్లజోడు పైకి తోసి తన కాలిని చూసుకుంది. మడమ నేల మీదనుంచి లేచి ఉంది. "ఇప్పుడు బొమ్మ కాదండి, నేనే ఎత్తాను" అంది మెల్లగా.

ఆ గదిలో ఉన్నవాళ్లు ఆ క్షణాన్ని జన్మలో మర్చిపోరు. వేణి భర్త సూరిబాబు పోర్టులో క్రేను నడుపుతాడు. ఓడలోంచి పెద్ద పెద్ద పెట్టెలు దించే ఆ మనిషి గోడకి ఆనుకుని చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. వేసవి పోయి తొలకరి పడేసరికి వేణి కడ్డీలు పట్టుకోకుండా వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. విషయం ఢిల్లీ దాకా వెళ్లింది. వానలు తగ్గాక నిపుణుల బృందమొకటి వచ్చి చూస్తుందని కబురొచ్చింది. నస్రీన్ మొహంలో ఎన్నాళ్లకో నవ్వు కనిపించింది. ఇంట్లో హైమ మాట్లాడితే వేణి, మాట్లాడకపోతే వేణి. "నాకు పెట్టే చారులో ఉప్పుందో లేదో చూడ్డానికి కూడా తీరిక లేదు మా ఆవిడకి" అని మూర్తి అందరితో గొప్పగా చెప్పుకున్నాడు.

వేణి కూతురు లిఖిత పిఠాపురంలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. అమ్మ బాగా నడిచేదాకా తీసుకురావద్దని వేణే చెప్పింది. ఒక ఆదివారం సూరిబాబు ఆ పిల్లని తీసుకొచ్చాడు. పన్నెండేళ్లుంటాయి. వరండా ఆ చివర తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడింది. ఈ చివరి నుంచి వేణి ట్రాక్ ప్యాంటు, కాన్వాస్ బూట్లు వేసుకుని నడుచుకుంటూ బయలుదేరింది. పిల్ల పరిగెత్తుకొచ్చి వాటేసుకుంటుందని అందరూ చూస్తున్నారు. ఆ పిల్ల కదల్లేదు. తండ్రి వెనక్కి జరిగింది.

"నాన్నా, అమ్మ ఎందుకలా నడుత్తుంది?"

"ఎలాగమ్మా?"

"చీర కుచ్చిళ్లు పట్టుకున్నట్టు. అమ్మ అసలు చీరే కట్టదు కదా."

అప్పుడు చూశారందరూ. వేణి కుడిచెయ్యి నడుము దగ్గర గాలిని పట్టుకుని ఉంది. లేని కుచ్చిళ్లని రెండు వేళ్లతో కాస్త పైకెత్తి మరీ నడుస్తోంది. ఎడమ బూటు గచ్చుకి రాసుకుంటూ వస్తోంది. సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ చంకలో పెట్టుకుని హైమ పక్క గదిలోంచి వచ్చింది. చెప్పు చప్పుడు, బూటు చప్పుడు ఒకే తాళంలో పడ్డాయి. నస్రీన్ ఒకసారి ఈవిడని, ఒకసారి ఆవిడని చూసింది. హైమ తన చెయ్యి ఎక్కడుందో చూసుకుని గబుక్కున తీసేసింది.

"చేతులకి మనం తొడుగే వెయ్యలేదు" అంది నస్రీన్, ఎవరితోనని కాకుండా. "ఆ చెయ్యి దానంతట అదే వెళ్లింది."

పుల్లబొమ్మకి కుచ్చిళ్లు గీయలేదు. చెయ్యి కొంచెం వంచి గీసిందంతే. వేణి మెదడు ఆ ఒక్క గీతలోంచి అద్దం ముందు నడిచిన మనిషిని మొత్తంగా పట్టేసింది. సిగ్గుపడాల్సిన మాటే గానీ చెప్పుకోవాలి. హైమకి మొదట భయం వెయ్యలేదు. మురిసిపోయింది. నా గీతకి ఇంత బలముందా అనుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల మొహం చూసింది. తల్లి దగ్గరికొచ్చి చేతులు చాపితే, పరాయివాళ్లింట్లో స్వీటు తీసుకునే పిల్లలా మొహమాటంగా వచ్చి నిలబడింది.

మర్నాడు వేణే మాట ఎత్తింది. కోపంగా ఏమీ లేదు. "మేడం, మీరెప్పుడైనా పరిగెత్తారా?" అని అడిగింది.

హైమ ఆలోచించింది. "లేదండి. బస్సు కోసం కూడా పరిగెత్తను. వెళ్లిపోతే తర్వాతి బస్సుకి వెళ్తాను."

"అదేనండి సంగతి. రాత్రంతా వెతుక్కున్నాను. మీ నడకలో పరుగు లేదు. మెల్లగా నడవమంటే నడుస్తాను, ఇంకొంచెం గట్టిగా నడవమన్నా నడుస్తాను. అక్కడితో అయిపోతుంది. గోడ వచ్చేస్తుంది." వేణి తన మోకాళ్లని రెండు చేతులతో నిమురుకుంది. "నాకు పరుగు కావాలండి. బడిలో మా పిల్లలు గళ్లల్లో కూర్చుని ఉంటారు. లేచి ఎలా ఉరకాలో వాళ్లకి చేసి చూపించాలి, చెప్తే రాదు."

నస్రీన్ ఒప్పుకోలేదు. "ఈ నడక ఇంకా పచ్చిగానే ఉంది. వానలు వెళ్లేసరికి గట్టిపడిపోతుంది. ఆ తర్వాత తొడుగు తీసేసినా పోదు. ఇప్పుడు దీన్ని కదిపితే ఉన్నది కూడా పోవచ్చు వేణీ. మళ్లీ ఏ బొమ్మనీ నీ మెదడు నమ్మకపోవచ్చు. అప్పుడు నేను చెయ్యగలిగిందేమీ ఉండదు."

సూరిబాబుదీ అదే మాట. "ఆయ్, డాక్టరుగారు చెప్పింది నిజమేనండి. ఎవరి నడకైతే ఏంటి, నడుత్తుంది కదా. నాకదే చాలు."

"నన్నే చేసుకుంటానని ఎప్పుడన్నావు బావా?" అంది వేణి.

సూరిబాబు తల దించుకున్నాడు. "జిల్లా పోటీల్లో."

"అప్పుడు నేను నడుస్తున్నానా?"

సూరిబాబు బయటికెళ్లి కాసేపు సరుగుడు చెట్ల కింద నిలబడి వచ్చి, "మీ ఇష్టం. పడితే పట్టుకోడానికి నేనుంటాను" అన్నాడు. ఒప్పుదల కాగితం మీద సంతకం వేణి పెట్టింది. నస్రీన్ పెట్టించుకుంది.

వేణి నడక ఎలా ఉండేదో తెలుసుకోవడమే మొదటి పని అనుకుంది హైమ. తెలిస్తే గీసేయవచ్చు. ఫోన్లలో వెతికారు. వీడియోలన్నీ పిల్లల ఆటలవే, తీసిందేమో వేణి. పెళ్లి వీడియోలో ముహూర్తం నుంచి భోజనాల దాకా కూర్చునే ఉంది. దాంతో ఇంట్లోవాళ్లనే నడిచి చూపించమంది. సూరిబాబు ఛాతీ ముందుకి పెట్టి పోలీసులా నడిచాడు. లిఖిత మునివేళ్ల మీద ఎగురుతూ నడిచింది. "నువ్వు చేసేది అమ్మ కాదు నాన్నా, హెడ్‌మాస్టరు" అని తండ్రిని వెక్కిరించింది. వేణి బల్ల మీద రెండు వేళ్లని నడిపించి చూపించింది. మూడూ మూడు రకాలు. అందరూ నవ్వుకున్నారు. హైమ ఆ మూడింటినీ కలిపి ఒళ్లు వంచి సాధన మొదలుపెట్టింది. చీర మానేసి సల్వారు కమీజు వేసుకుంది. దారిలో, మేడ మీద, వంటింట్లో అదే నడక. ఛాతీ ముందుకి, మడమలు తేలిగ్గా, చెయ్యి దూరంగా.

ఒక సాయంత్రం అలాగే నడుచుకుంటూ ఇంటికొచ్చింది. చెప్పులు విప్పి హాల్లోకి అడుగుపెట్టింది. లోపల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న మూర్తి తలెత్తకుండానే, "ఎవరండీ?" అన్నాడు.

హైమ గుమ్మంలోనే నిలబడిపోయింది. వంటింట్లో స్టవ్ వెలిగించి లేదు. టీకి నీళ్లు పెట్టి లేవు.

"నేనేనండి" అంది.

మూర్తి కంగారుగా లేచి వచ్చాడు. "అయ్యో, నువ్వా? చప్పుడు తెలియలేదు" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మొహంలో ఒక్క క్షణం, ఆ ఆదివారం లిఖిత మొహంలో కనిపించిన పరాయితనమే కనిపించింది. హైమ సోఫాలో కూర్చుని ఎడమకాలిని చూసుకుంది. ఆ కాలు ఈడవడం తనకి ఇష్టమని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో ఈ పూట రవ్వంత రుచి తెలిసింది. వేణి ఇది రోజంతా భరిస్తోంది, పైగా నవ్వుతూ. తను ఎంత బాగా నేర్చుకున్నా, రేపు వేణి ఒంటికి ఎక్కేది సూరిబాబు చూసిన వేణి, లిఖిత చూసిన వేణి. అసలు వేణి ఎవరి గీతలోకీ రాదు. ఆవిడ ఉంటే గింటే ఆ ఖాళీల్లోనే ఉంటుంది.

మర్నాడు హైమ చీర కట్టుకుని వెళ్లింది. "డాక్టరుగారూ, నేనింక ఎవరి నడకా గీయను. గీసిందాంట్లోంచి తీసేస్తాను" అంది.

ఆ రోజు నుంచీ పని తలకిందులైంది. ఉదయం వెళ్లడం, బొమ్మలు వరసగా పేర్చి ఉండే టైమ్‌లైన్ మీద ఒక కీఫ్రేము చెరిపెయ్యడం, వేణిని నడిపించడం. జీవితమంతా కీఫ్రేములు పెట్టుకుంటూ వచ్చిన మనిషికి చెరపడం ప్రాణం మీదికొచ్చినట్టుండేది. ప్రతిసారీ కొత్త ఖాళీ దగ్గర వేణి తూలేది. సూరిబాబు పట్టుకునేవాడు. కొన్నిసార్లు అందేవాడు కాదు. మోకాళ్లు కమిలిపోయాయి, మోచేతులు చెక్కుకుపోయాయి. "ఆటలో దెబ్బ తగలని మోకాలు మోకాలే కాదని మా పిల్లలకి చెప్తానండి నేను" అనేది వేణి పసుపు పూయించుకుంటూ. ఆవిడని చూస్తుంటే, ఇంత మనిషికి తను గీతలు గీసి నడక నేర్పానని మురిసిపోయినందుకు హైమకి నవ్వొచ్చేది. ఒకరోజు వేణి కుడిచెయ్యి నడుము దగ్గరనుంచి జారి పక్కకి వేలాడింది. లేని కుచ్చిళ్లని వదిలేసింది. అందరూ పండగ చేసుకున్నారు.

ఆ తర్వాత వారంలో అంతా ఆగిపోయింది. కళ్లజోడులో బొమ్మ కాలెత్తింది. వేణి కాలు లేవలేదు. మళ్లీ ఎత్తింది. లేవలేదు. చెరిపిన కీఫ్రేముల్లో సగం హైమ వెనక్కి పెట్టి చూసింది. అన్నీ పెట్టి చూసింది. వేణి చక్రాల కుర్చీలోకి వెళ్లిపోయింది. నస్రీన్ "ఢిల్లీ వాళ్లకి రావద్దని రాస్తాను. చూపించడానికి ఏమీ లేదు కదా" అంది నెమ్మదిగా. తిట్టినా బాగుండేదనిపించింది హైమకి. ఒక మనిషికి దొరక్క దొరికిన నడకని ఈ చేతులతోనే చెరిపేశానని ఆటోలో ఇంటిదాకా ఏడ్చింది. చెప్పు చప్పుడు విని టీ పెట్టిన మూర్తి, ఆ మొహం చూసి కప్పు బల్ల మీద పెట్టేసి పక్కన కూర్చున్నాడు.

చివరి ప్రయత్నంగా హైమ ఒక ఫైలు చేసింది. అందులో రెండే బొమ్మలు. పీట మీద కూర్చున్న పుల్లబొమ్మ ఒకటి, లేచి నిలబడినది ఒకటి. మధ్యలో ఏమీ లేదు. దాన్ని ఎవరూ యానిమేషన్ అనరు. ఆ సాయంత్రం వాన వెలిసింది. వేణి లోపల ఉక్కగా ఉందంటే సరుగుడు తోటలోకి తీసుకెళ్లి ఇసుకలో పొట్టి పీట మీద కూర్చోబెట్టారు. సెలవులకి వచ్చిన లిఖిత తల్లి జుట్టు దువ్వుతోంది. సూరిబాబు ఎదురుగా చేతులు చాచి సిద్ధంగా నిలబడ్డాడు. నస్రీన్ వరండా మెట్ల మీద కూర్చుంది. హైమ లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ప్లే నొక్కింది. కళ్లజోడులో బొమ్మ కూర్చుంది, లేచింది. వేణి లేవలేదు. ఆరేడుసార్లు అలాగే అయింది.

హైమకి ఒకటి కనిపించింది. "వేణిగారూ, మీరు ముందుకి వంగడం లేదు. లేచే ముందు ఎవరైనా వంగుతారు. అది మాత్రం నేను గీయకూడదని వదిలేశాను."

వేణి కళ్లజోడులోంచి ఇసుక వంక చూసింది. "మా ఆటలో ఎవరూ తమంతట తాము లేవరండి" అంది. "గళ్లో కూర్చుని ఉంటాం. వెనకనుంచి ఒకళ్లొచ్చి వీపు మీద తట్టి ఖో అనాలి. అప్పుడే లేవాలి. అనకుండా లేస్తే ఫౌలు." ఆగి, తల తిప్పకుండానే పిలిచింది. "లిఖితా, దువ్వెన పక్కన పెట్టు. ఖో ఇయ్యి."

లిఖిత తండ్రి వైపు చూసింది. "పడిపోతావేమోనమ్మా."

"పడితే పడతాను. ఇయ్యి."

పిల్ల తల్లి వీపు మీద వేళ్లతో తాకి, "ఖో" అని గొణిగింది.

"అది ఖో కాదు, మీ అమ్మమ్మని నిద్ర లేపడం. ఒక్కటే దెబ్బ, ఒక్కటే మాట. నీకంటే ముందు పరిగెత్తేవాడు తప్పించుకుంటున్నాడక్కడ."

హైమ ఫైలుని మొదటికి తెచ్చి ప్లే మీద వేలు పెట్టి ఉంచింది. ఖో వినపడగానే నొక్కాలి. లిఖిత నాలుగడుగులు వెనక్కి వేసింది. చున్నీ నడుముకి బిగించింది. పరిగెత్తుకుంటూ వచ్చి తల్లి వీపు మీద అరచేత్తో చరిచి, తోటంతా వినపడేలా "ఖో" అంది.

వేణి భుజాలు ముందుకి వంగాయి. హైమ ఆ వంగడం చూసింది. ఎన్ని బ్యాచ్‌లకి నేర్పిందో, ఎన్నిసార్లు గీసిందో, కానీ అంత అందంగా ఎప్పుడూ గీయలేదు. వంగిన మనిషి లేచింది. లేవడంలోనే అడుగు పడింది, అడుగులోనే తర్వాతి అడుగు ఉంది. సూరిబాబు వైపు కాదు, ఏటవాలుగా, చేతులు విసురుతూ, ఇసుక చిమ్ముతూ. పోలీసు నడకా కాదు, మునివేళ్ల నడకా కాదు. మధ్యలో ఎడమ బూటు ఒక్కసారి ఇసుకలో రాసుకుంది. అది హైమది. దాన్ని కూడా తనతోపాటే ఈడ్చుకుంటూ వేణి వెళ్లి ఒక సరుగుడు చెట్టుని, ఖోఖో స్తంభాన్ని పట్టుకున్నట్టు, రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకుని ఒగరుస్తూ నిలబడింది.

సూరిబాబు చాచిన చేతులు అలాగే ఉన్నాయి. "అదే" అన్నాడు. "అదేనండి, మా ఆవిడ."

లిఖిత అప్పటికే చెట్టు దగ్గరికి పరిగెత్తింది. ఈసారి మొహమాటపడలేదు. తల్లి నడుము చుట్టూ చేతులు వేసి మొహం దాచుకుంది. నస్రీన్ మెట్ల మీద నుంచి లేచి వచ్చి, హైమ భుజం మీద చెయ్యి వేసి లాప్‌టాప్‌లోకి వంగి చూసింది. ఏ క్షణాన ఏ బొమ్మ ఆ కాళ్లని లేపిందో ఆవిడకి తెలుసుకోవాలనుంది.

హైమ వేలు ఇంకా ప్లే మీదే ఉంది. నొక్కలేదు. తెర మీద పుల్లబొమ్మ పీట మీదే కూర్చుని ఉంది.